మనసు బాగోలేదని సప్లిమెంట్లు వాడాలనుకుంటే: పరీక్ష నుంచి ఫలితం దాకా ఏం చేయాలి

"ఏ పనీ చేయబుద్ధి కావట్లేదండి. నీరసం, చిరాకు, రాత్రి నిద్ర లేదు. మంచి విటమిన్ ఏదైనా ఇవ్వండి." భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ మందుల షాపులో అరగంట కూర్చున్నా ఈ మాట వినపడుతుంది. అడిగేది ఒకసారి రొయ్యల రేటు పడిపోయి టెన్షన్‌లో ఉన్న రైతు, ఇంకోసారి భర్త కువైట్‌లో ఉంటే పిల్లల్నీ అత్తమామల్నీ ఒక్కతే చూసుకుంటున్న ఇల్లాలు. ఇద్దరికీ చాలాసార్లు ఒకే రంగు సీసా చేతికొస్తుంది. అదే మొదటి తప్పు.

ఒంట్లో ఏదైనా తక్కువైనప్పుడు దాన్ని సరైన మోతాదులో వేసుకుంటే నీరసం, దిగులు, చిరాకు కొంతవరకు తగ్గుతాయి. ఏదీ తక్కువ కానప్పుడు వేసుకుంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కొన్నిటితోనైతే కొత్త జబ్బు కొనుక్కున్నట్టే. రొయ్యల చెరువులో మినరల్స్ చల్లే ముందు నీళ్లు ల్యాబ్‌కి పంపి ఏది తగ్గిందో చూసుకుంటారు కదా, ఒంటి విషయంలోనూ అలాగే చేయండి.

ముందు ఇది చూసుకోండి

చచ్చిపోవాలనిపించడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా తిరగడం, కాన్పయిన కొన్ని వారాల్లో బిడ్డ మీద మనసు పోకపోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా సప్లిమెంట్ల జోలికి వెళ్లకండి. ఆ రోజే డాక్టర్‌ని కలవండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బయల్దేరే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్
- ఇప్పుడు వాడుతున్న మందులన్నిటి షీట్లు, ఆయుర్వేదం, జుట్టు బిళ్లలు సహా
- ఈ మధ్యే చేయించిన రక్త పరీక్షల కాగితాలు, లేకపోతే కొత్తగా చేయించడానికి ఖర్చు
- మూడు నెలల ఓపిక

1. బిళ్ల మొదలెట్టే ముందు రెండు వారాలు రాసుకోండి

రోజూ రాత్రి రెండు నిమిషాలు చాలు. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, మనసు పదికి ఎంత ఉంది, ఒంట్లో ఓపిక పదికి ఎంత ఉంది, ఎన్ని టీలు తాగారు, మద్యం తాగారా, ఆడవాళ్లయితే నెలసరి తేదీ. ముందు లెక్క లేకపోతే తర్వాత తగ్గిందో లేదో చెప్పలేరు. "కాస్త బాగున్నట్టుందండి" అనే మాట మీద ఆర్నెల్లపాటు డబ్బు పోసేవాళ్లు చాలామంది.

కొందరికి ఇక్కడే సమాధానం దొరుకుతుంది. చెరువులో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మెషీన్లు) చూసుకోవడానికి రాత్రి రెండింటికి లేచి, నిద్ర ఆపుకోడానికి రోజుకి ఏడు టీలు తాగే మనిషికి ఏ విటమినూ నిద్ర తెప్పించదు. చెరువు కాపలాకి మనిషిని మార్చుకుని, సాయంత్రం టీ మానేసి చూడటం బిళ్ల కంటే ముందు చేయాల్సిన పని.

2. అవసరమైన పరీక్షలు మాత్రమే చేయించండి

'ఫుల్ బాడీ' ప్యాకేజీ అక్కర్లేదు. నీరసం, దిగులు రెండూ ఉన్నప్పుడు చూడాల్సినవి ఇవి: సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బి12, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, షుగర్. డబ్బు సరిపోకపోతే మీ పరిస్థితిని బట్టి ఎంచుకోండి. సీబీపీ, టీఎస్‌హెచ్ అందరికీ పనికొస్తాయి. శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్‌కి పాంటాప్రజోల్ లాంటివి గానీ వాడుతున్నవాళ్లు, 60 దాటినవాళ్లు బి12 చేయించాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవాళ్లు ఫెరిటిన్ చేయించాలి. పొద్దుణ్ణుంచి రాత్రి దాకా షాపులోనో ఇంట్లోనో ఉండేవాళ్లు డి చూపించుకోవాలి.

రక్తం ఇచ్చేముందు రెండు జాగ్రత్తలు. బిళ్లలు మొదలెట్టాక పరీక్షకి వెళ్తే అసలు లోపం కనపడదు, కాబట్టి ముందే ఇవ్వండి. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పి, రెండు మూడు రోజుల ముందే ఆపండి. ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల కొన్ని మెషీన్లలో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది.

కాగితం చేతికొచ్చాక చూడాల్సిన అంకెలు: బి12 మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపం, 200-300 మధ్య ఉంటే అనుమానమే. విటమిన్ డి 20 నానోగ్రాముల లోపైతే తక్కువ. ఫెరిటిన్ 15 లోపుంటే ఐరన్ నిల్వలు అయిపోయినట్టు. 30 లోపున్నా చాలామంది డాక్టర్లు మందిస్తారు. జ్వరంతో ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక చేయించండి. అంకె పక్కన యూనిట్ కూడా చదవాలి. కొన్ని ల్యాబ్‌లు వేరే యూనిట్‌లో ఇస్తాయి, అక్కడ డి 50 నానోమోల్స్ అన్నా ఇక్కడి 20 నానోగ్రాములన్నా ఒకటే.

టీఎస్‌హెచ్ ఎక్కువొస్తే సాధారణంగా థైరాయిడ్ తగ్గిందని అర్థం, ఇక్కడితో ఆగి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. థైరాయిడ్ తగ్గి వచ్చిన దిగులుకి మందు థైరాక్సినే, మల్టీవిటమిన్ కాదు.

3. ఇప్పటికే వాడుతున్న మందులతో పడుతుందో లేదో అడగండి

షీట్లన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరకో, ఫార్మసిస్ట్ దగ్గరకో వెళ్లండి. ముఖ్యంగా వీళ్లు:

- దిగులుకి ఎస్కిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్ లాంటివి వాడుతున్నవాళ్లు. వీటితో పాటు 5-హెచ్‌టీపీ, సెయింట్ జాన్స్ వర్ట్ అసలు కలపకూడదు. ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, చెమటలు, గుండెదడ, కంగారు వస్తాయి, ప్రాణం మీదకీ రావచ్చు. ఈ రెండూ ఆన్‌లైన్‌లో 'మూడ్ సపోర్ట్' పేరుతో దొరుకుతున్నాయి.
- రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు.
- కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు.

సప్లిమెంట్ మొదలెట్టామని డాక్టర్ రాసిన మానసిక వైద్యం మందులు ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, పాత దిగులు అన్నీ కలిసి మీద పడతాయి.

4. ఒకదాన్ని ఎంచుకోండి, ఒక్కదాన్నే

ఒకేసారి నాలుగు మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది దద్దుర్లు తెచ్చిందో తెలీదు. రెండు లోపాలున్నాయని పరీక్షలో తేలితే డాక్టర్ చెప్పినట్టు రెండూ వాడండి. మిగతా వాటికి మాత్రం ఒకటి అయ్యాకే ఇంకొకటి.

*బి12.* లోపం ఉన్నవాళ్లకి దీనితో వచ్చే తేడా బాగా కనపడుతుంది. సాధారణంగా రోజుకి 1000 మైక్రోగ్రాముల బిళ్ల ఇస్తారు. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ఉంటే బిళ్లలతో కాలక్షేపం చేయకుండా డాక్టర్ చేత ఇంజక్షన్ల కోర్సు రాయించుకోండి. షాపులో "మిథైల్‌కోబాలమిన్ ఇవ్వండి" అంటే కొన్నిసార్లు ప్రీగాబలిన్ గానీ గాబాపెంటిన్ గానీ కలిసిన బిళ్ల వస్తుంది. అది నరాల నొప్పికిచ్చే మందు, మత్తుగా ఉంటుంది. "విటమిన్ వేసుకున్నాక పగలంతా నిద్రండి" అనే మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. షీటు వెనక ఉన్న పేర్లన్నీ చదివి, ఒక్క బి12 ఉన్నదే అడిగి తీసుకోండి. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువగా వాడకండి. రక్తం రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

కార్తీకమాసం నెల్లాళ్లు నీచు మానేస్తే బి12 పడిపోతుందా అని అడుగుతుంటారు. పడిపోదు. లివర్‌లో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. ఏళ్ల తరబడి గుడ్డూ చేపా ముట్టకుండా, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తినేవాళ్లకే ముప్పు.

*విటమిన్ డి.* ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. 60,000 ఐయూ గుళికలు, పొడి ప్యాకెట్లు వారానికి ఒకటి వేసుకోవాల్సినవి. మామూలుగా ఎనిమిది వారాలు రాస్తారు. వాటిని రోజూ వేసుకున్నవాళ్లు ఉన్నారు. అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, తికమక, కిడ్నీకి దెబ్బ. ఒక వారం పేరు పెట్టుకోండి, ఆదివారమంటే ఆదివారమే, క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. భోజనం చేశాక, ఆ పూట కాస్త నెయ్యో నూనో తగిలేలా చూసుకుని వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. కోర్సు అయ్యాక మళ్లీ అదే పాత చీటీతో కొనకండి.

ఎండతో సరిపెట్టుకుందామనుకుంటే పొద్దున్న ఏడింటి ఎండలో విటమిన్ డి చేసే కిరణాలు బాగా తక్కువ. పదకొండు గంటల ప్రాంతంలో చేతులు, కాళ్లకి ఎండ తగలాలి. ఛాయ తక్కువైన వాళ్లకి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. మే నెలలో ఈ ప్రయోగం వద్దు. ఇప్పటికే లోపం బాగా ఉన్నవాళ్లకి ఎండ ఒక్కటే సరిపోదు.

*ఐరన్.* ఫెరిటిన్ తక్కువుంటేనే. ఖాళీ కడుపుతో నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మంచిది. కడుపులో తిప్పితే కాస్త తిన్నాక వేసుకోండి, లేదా రోజు విడిచి రోజు వేసుకోండి. అలా వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుంది, కడుపు ఇబ్బంది తగ్గుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల వీటికి కనీసం గంట రెండు గంటల దూరం ఉండాలి. విరేచనం నల్లగా రావడం మామూలే, కంగారుపడొద్దు. గర్భిణులకి ఐరన్ ఫోలిక్ బిళ్లలు ఏఎన్ఎం దగ్గర ఉచితంగానే దొరుకుతాయి.

మగవాళ్లలో గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ ఐరన్ తక్కువైతే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. మొలలు, కడుపులో పుండు, అంతకంటే పెద్దవీ కారణం కావచ్చు. చెప్పుల్లేకుండా తడి పొలాల్లో తిరిగేవాళ్లకి కొంకి పురుగులు కూడా ఒక కారణం, దానికి నట్టల మందు వేయాలి.

*ఒమేగా-3.* దిగులుకి డాక్టర్ వైద్యంతో పాటు వాడినప్పుడు కొంత మేలు కనిపించింది, అది కూడా ఈపీఏ (ఒమేగా-3లో ఒక రకం, రెండోది డీహెచ్ఏ) ఎక్కువున్న వాటితో, రోజుకి దాదాపు ఒక గ్రాము ఈపీఏ అందినప్పుడు. మామూలు గుళిక మీద 1000 మి.గ్రా. అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది చేపనూనె బరువు. వెనక చిన్నక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. ఆ లెక్కన ఒక గ్రాముకి రోజూ అయిదారు గుళికలు మింగాలి, జేబు చిల్లు.

మనకి వేరే దారి ఉంది. నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చవక, వీటిలో ఒమేగా-3 బాగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. నూనెలో కరకరలాడేలా వేయిస్తే ఉన్నదీ కొంత పోతుంది. చెరువు శీలావతి, బొచ్చెల్లో ప్రోటీన్ బాగానే ఉంటుంది గానీ ఒమేగా-3 సముద్రపు చేపలంత ఉండదు. పులస కూడా నూనె బాగా పట్టిన చేపే, కానీ ఆ రేటు పెట్టి కొని ఆరోగ్యం కోసమని చెప్పకండి, ఎవరూ నమ్మరు. శాకాహారులకి అవిసె గింజలు మంచివే, కాకపోతే వాటిలోది ఒంట్లో ఈపీఏగా మారేది బహు కొద్ది. నాచు నుంచి తీసిన గుళికలు దొరుకుతాయి.

*మెగ్నీషియం.* నిద్రకీ కంగారుకీ మంచిదని ఈ మధ్య బాగా ప్రచారం. ఆధారాలు మాత్రం అంత గట్టివి కావు. వాడాలనుకుంటే 200 మి.గ్రా. దాటకుండా, రాత్రి భోజనం తర్వాత. ఆక్సైడ్ రకంతో విరేచనాలు ఎక్కువ. కిడ్నీ జబ్బుంటే వద్దు.

*అశ్వగంధ.* ఒత్తిడి, నిద్ర విషయంలో రెండు మూడు నెలల వాడకానికి కొంత మంచి ఫలితమే కనిపించింది, రోజుకి 300 నుంచి 600 మి.గ్రా. వేరు సారంతో. అంతకుమించి ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో సరిగా పరీక్షించినవాళ్లు లేరు. కొద్దిమందిలో లివర్ దెబ్బతింది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఆపి డాక్టర్‌ని కలవండి. గర్భిణులు, థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు దూరంగా ఉండాలి. వేరుతో చేసినదే కొనండి. ఆకులు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకి చెప్పింది.

అసలు కొనకూడనివి: లేబుల్ లేని 'నరాల బలం' పొడులు, ఊరూరా తిరిగి అమ్మే లేహ్యాలు. వీటిలో స్టెరాయిడో, సీసమో కలిసి ఉంటే మీకు తెలిసే దారి లేదు. నీరసమని సెలైన్ ఎక్కించుకోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది. పసుపు రంగు చూసి బలం అనుకుంటారు. అది ఉప్పునీళ్లలోనో గ్లూకోజు నీళ్లలోనో కలిపిన బి కాంప్లెక్స్.

5. డబ్బా తిప్పి చదవండి

ముందువైపు బొమ్మ, వెనకవైపు నిజం. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి కంపెనీ పేరు సరిపోయిందో లేదో చూడొచ్చు. సప్లిమెంట్ డబ్బా మీద 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని రాసి ఉంటుంది, అంటే జబ్బు నయం చేస్తామని వాళ్లు చెప్పుకోకూడదు. 'డిప్రెషన్ నయం' అని రాసినవాడు ఆ నిబంధన దాటినట్టే. మోతాదు ఒక బిళ్లకా, రెండు బిళ్లలకా చూడండి. బి6 మీద ప్రత్యేకంగా కన్నేయండి. మల్టీవిటమిన్‌లో కొంత, నరాల బిళ్లలో కొంత, ఎనర్జీ పొడిలో కొంత కలిసి రోజుకి 100 మి.గ్రా. దాటితే కొన్ని నెలలకి కాళ్లూ చేతులూ మొద్దుబారొచ్చు. తిమ్మిరి పోవడానికి వేసుకున్న బిళ్లే తిమ్మిరి తెస్తుందన్నమాట.

6. రోజులో ఎప్పుడు ఏది

థైరాక్సిన్ వాడుతుంటే అది పొద్దున్నే ఖాళీ కడుపుతో. ఐరన్, కాల్షియం దానికి నాలుగు గంటల దూరం. బి కాంప్లెక్స్, బి12 పొద్దున టిఫిన్ తర్వాత. డి, ఒమేగా-3 పెద్ద భోజనంతో. మెగ్నీషియం రాత్రికి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. మద్యం పుచ్చుకునే అలవాటుంటే అశ్వగంధ, నిద్రకి వేసుకునేవి వద్దు.

7. పనిచేస్తోందో లేదో చూసుకోండి

నాలుగు వారాలకోసారి నోట్‌బుక్ తీసి, మొదటి రెండు వారాల సగటు పక్కన ఇప్పటి సగటు రాయండి. పదికి ఒక మార్కు తేడా వస్తే లెక్కలోకి తీసుకోకండి. పంట చేతికొచ్చినా, పిల్లాడు పాసైనా అంత పెరుగుతుంది. రెండు, అంతకంటే ఎక్కువ మార్కులు పెరిగి, అలాగే నిలబడితే మందు పనిచేస్తున్నట్టు అనుకోవచ్చు.

ఐరన్ వాడుతుంటే నెలకి హిమోగ్లోబిన్ ఒక పాయింట్ అయినా పెరగాలి. పెరగకపోతే బిళ్ల ఒంటపడట్లేదు, లేదా రక్తం ఇంకా పోతోంది. మామూలు స్థాయికొచ్చాక కూడా నిల్వలు నిండటానికి మూడు నెలలు వాడాలి. చాలామంది మధ్యలోనే మానేసి ఆర్నెల్లకి మళ్లీ మొదటికొస్తారు. విటమిన్ డి మూడు నెలలకి మళ్లీ చేయించండి, అంతకు ముందు దండగ. బి12తో నీరసం కొన్ని వారాల్లో తేలికపడుతుంది, తిమ్మిర్లకి నెలలు పడుతుంది.

రిపోర్టులో అంకె పెరిగి మనసు మాత్రం అలాగే ఉందంటే ఆ లోపం మీ దిగులుకి కారణం కాదు. ఇంకో డబ్బా కొనకండి. అలాగే ఏ లోపమూ లేకుండా ఒమేగా-3, మెగ్నీషియం, అశ్వగంధల్లో ఏదైనా పన్నెండు వారాలు వాడినా తేడా లేకపోతే ఆపేయండి. దిగులు రెండు వారాలకి మించి రోజూ ఉంటూ పనికి, తిండికి, నిద్రకి అడ్డొస్తుంటే ఈ పన్నెండు వారాలు కూడా ఆగక్కర్లేదు, డాక్టర్‌ని చూపించుకుంటూనే లోపాలు సరిచేసుకోవచ్చు. వెళ్లేటప్పుడు నోట్‌బుక్, రిపోర్టులు, వాడిన డబ్బాల ఫోటోలు తీసుకెళ్లండి. ఓపీలో మీకు దొరికే సమయం తక్కువ, లోపలికి వెళ్లగానే ఆ పేజీలు తీసి డాక్టర్ ముందు పెట్టండి.